ఆ బండే ఈ బండి

మూలపడిన బుల్లెట్టును ఆదివారాలు కూర్చుని బాగుచేసుకునేవాడి దగ్గరికి ఎవరొచ్చినా ముందు ట్యాంకు మీద వేలితో టకటకా కొట్టి చూస్తారు. తర్వాత అడుగుతారు: "ఒరిజినలేనా అన్నా?"

నిజం చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. చాసిస్ ఒరిజినలే. ఇంజను పైకేసు ఒరిజినలే గానీ లోపలి పిస్టన్ కొత్తది, సిలిండరుకు రెండుసార్లు బోరింగు అయింది. ట్యాంకు ఇంకో బండిది. మడ్‌గార్డు చెన్నైలో పుదుపేటలో దొరికింది. సీటు, వైరింగు, కేబుళ్లు, టైర్లు అన్నీ కొత్తవే. రంగు కూడా కొత్తదే, కాకపోతే పాతదనిపించేలా కలిపించింది. ఇంతా విన్నాక అడిగినవాడు నవ్వుతాడు. "మరి పాతదేముందన్నా ఇందులో?"

షెడ్డులో అది వేళాకోళం. తర్కశాస్త్రంలో రెండువేల ఏళ్ల నుంచి తెగని తగాదా.

గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక ఓడ కథ చెప్పాడు. థీసియస్ అనే వీరుడు ఎక్కివచ్చిన ఓడను ఏథెన్సువాళ్లు భద్రంగా ఉంచుకున్నారట. పుచ్చిన చెక్క తీసేసి గట్టి చెక్క వేస్తూ పోయారు. ఇది ఆ ఓడేనని కొందరు, కాదని కొందరు వాదులాడుకున్నారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలను ఒకడు పోగుచేసి, అదే వరసలో బిగించి రెండో ఓడ కడితే, అప్పుడు అసలుది ఏది? హాబ్స్‌కు అది ఊహ. పుదుపేట సందుల్లో తిరిగివచ్చిన తిరుపతి మెకానిక్కుకు అందులో ఊహేమీ కనిపించదు. అక్కడ విడదీసిన ఒక్క బండి పది బండ్లలోకి పోతుంది, పది బండ్ల ముక్కలు కలిసి ఒక బండిగా బయటికొస్తాయి.

ఆ మాటకొస్తే బుల్లెట్టు కంపెనీదీ అదే కథ. ఇంగ్లండులో పుట్టింది, 1955లో మద్రాసులో ఒక కొమ్మ నాటింది. తర్వాత మూలం ఎండిపోయింది, కొమ్మ చెట్టయింది. పేరు మాత్రం పాతదే.

మన దేశంలో ఈ తగాదాకు మొదటి సాక్షి కూడా ఒక బండే. పాళీ భాషలోని మిలిందపన్హలో యవనరాజు మిలిందుడు నాగసేన భిక్షువును చూడవస్తాడు. "నాగసేనుడంటే ఎవరు? ఈ వెంట్రుకలా, గోళ్లా, చర్మమా?" అని నిలదీస్తాడు. భిక్షువు ఎదురు ప్రశ్న వేస్తాడు. మీరు నడిచి వచ్చారా, బండెక్కి వచ్చారా? రథం మీదే వచ్చానంటాడు రాజు. అయితే ఆ రథం ఏది? నొగా? ఇరుసా? చక్రాలా? పైచట్రమా? ఒక్కొక్కటికీ కాదు, కాదు అని చెప్పుకుంటూ పోయిన రాజు, చివరికి ఇవన్నీ కలిసినచోట వాడే పేరే రథమని ఒప్పుకుంటాడు. మనిషీ అంతేనంటాడు నాగసేనుడు.

అదే పుస్తకంలో కొంచెం ముందుకు పోతే దీపం వస్తుంది. తెల్లవార్లూ వెలిగే దీపంలో మొదటి జాము మంట, మూడో జాము మంట ఒకటేనా? కాదు. పోనీ ఒక్కో జాముకు ఒక్కో దీపం పెట్టారా? అదీ కాదు. ఒక దీపాన్ని ఆనుకునే రాత్రంతా వెలుగు సాగింది. బౌద్ధ సూత్రాల్లో ఇంకోచోట వడ్రంగి బాడిస కనిపిస్తుంది. పిడి మీద బొటనవేలు, మిగతా వేళ్లు పడినచోట గుంటలు పడతాయి. ఇవాళ ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని వడ్రంగి చెప్పలేడు. అరిగిన తర్వాత అరిగిందని మాత్రం తెలుస్తుంది. సాధన చేసేవాడి మనసులోని మకిలి కూడా అలాగే అరుగుతుందని బుద్ధుడు ఈ పోలిక తెచ్చాడు.

బండి, దీపం, పనిముట్టు. ఆదివారం షెడ్లలో బాగుపడేవి కూడా సరిగ్గా ఈ మూడే కావడం తమాషా.

తిరుపతిలో ఈ చర్చకు ఇంకో చిరునామా ఉంది. 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా మొదలై, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన చోట న్యాయశాస్త్రం ఇప్పటికీ పాఠంగా నడుస్తోంది. తర్కం నేర్చుకునేవాళ్లు మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఈ శాస్త్రంవాళ్లను నైయాయికులంటారు. వాళ్లు నాగసేనుడి మాట ఒప్పుకోరు. దారాలు వేరు, దారాలలో పుట్టిన బట్ట వేరు. ముక్కల కుప్పకు పెట్టిన పేరు కాదు, బట్ట అనే వస్తువు నిజంగా ఉందంటారు. దాన్ని అవయవి అంటారు. వినడానికి బండి ప్రియులకు ఇది ఊరటే. అయితే అదే శాస్త్రం ఇంకో మాట కూడా అంటుంది: బట్టలోంచి ఒక్క దారం లాగితే ఆ బట్ట నశించి ఇంకో బట్ట పుట్టినట్టే. ఈ లెక్కన క్లచ్ కేబులు మార్చిన ప్రతిసారీ పాత బుల్లెట్టు చచ్చి కొత్త బుల్లెట్టు పుడుతుంది. అంత కఠినంగా పోతే ఆర్టీవో ఆఫీసు ముందు క్యూ అలిపిరి దాకా వస్తుంది.

ప్రభుత్వం అందుకే తేలికైన దారి పట్టింది. దాని దృష్టిలో బండి అంటే ఇనుములో చెక్కిన నంబరు. ఇంజను మారితే అనుమతి తీసుకుని సి బుక్కులో ఎక్కించుకోవచ్చు. చాసిస్ నంబరు చెరిగిపోతే మాత్రం ఆ బండికి ఊరూ పేరూ లేనట్టే. 2021లో కేంద్రం పాత బండ్ల కోసం కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్సుకో బాడీకో ఇంజనుకో పెద్ద మార్పులు జరగనివి వింటేజ్ వాహనాలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకుంటే 5,000. ఇంత గౌరవమిచ్చి ఒక మెలిక పెట్టారు: ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకుపోవచ్చు. బండి మారకుండా ఉన్నందుకు దానికి దక్కిన బహుమతి, బండిగా బతకకుండా ఉండటం.

షెడ్డులో ఇంకో మూలకు పోదాం. అక్కడ గ్యాస్ లైటు ఉంది.

పేరుకే గ్యాస్ లైటు, తాగేది కిరసనాయిలు. బెర్లిన్‌లోని ఎర్రిష్ అండ్ గ్రేట్జ్ కంపెనీ తయారుచేసిన పెట్రోమాక్సు, ఆ పోలికతో వచ్చిన రకరకాల లైట్లు మన పల్లెలకు చేరి పెళ్లిళ్లలో, జాతర్లలో, శవయాత్రల్లో కూడా వెలిగాయి. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. కరెంటు లేని రోజుల్లో ద్రౌపది కొంగు పట్టుకునే దుశ్శాసనుడికీ, జనం మధ్యలో నిద్రపోయే పిల్లలకూ వెలుగు ఆ బుస్సుమనే లైటుదే.

ముప్ఫై ఏళ్లు అటక మీద పడున్న లైటును దించితే ఇత్తడి ట్యాంకు నల్లగా ఉంటుంది. చింతపండు పెట్టి తోమితే రంగు తేలుతుంది. గొట్టాల సందుల్లోకి చేయి పోదు, పళ్లు తోమే పాత బ్రష్షు కావాలి. పంపు కొడితే గాలి నిలవదు. విప్పి చూస్తే కడ్డీ చివర తోలు వాచరు ఎండి ముడుచుకుపోయి ఉంటుంది. అనుభవం లేనివాడు దాన్ని పారేసి రబ్బరుది వెతుకుతాడు. తెలిసినవాడు కొబ్బరినూనెలో ఒక రాత్రి నానేసి, పొద్దున వేలితో అంచులు మెల్లగా విప్పుతాడు. తోలు మళ్లీ మెత్తబడి గొట్టానికి పట్టుకుంటుంది, పంపు కింద బొటనవేలికి గాలి తగులుతుంది. ఆదివారాలన్నిటికీ కూలి దక్కేది ఆ క్షణంలోనే.

అసలు విచిత్రం మ్యాంటిల్‌లో ఉంది. కొత్త మ్యాంటిల్ మెత్తటి గుడ్డసంచి. లోహ లవణాల్లో ముంచి ఆరబెట్టిన ఈ సంచిని ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఆవర్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కనిపెట్టాడు. మొదటిసారి అంటించగానే గుడ్డంతా కాలిపోతుంది. బూడిద గూడు ఒకటి మిగులుతుంది, ముట్టుకుంటే రాలిపోయేంత పెళుసు. తెల్లటి ఆ వెలుగంతా ఆ గూడుదే. అంటే తాతలనాటి లాంతరని మురిసిపోయేవాడు చూస్తున్న వెలుగు పది నిమిషాల కింద పుట్టిన బూడిదలోంచి వస్తోంది. ట్యాంకు వందేళ్లదైనా మంట ఇప్పటిదే. నాగసేనుడు ఈ లైటు చూసి ఉంటే మంట పోలికకు ఇంకో నాలుగు పేజీలు కలిపేవాడేమో.

ఇంతకూ బాగుచేయడమంటే ఏమిటి? పాతదాన్ని కొత్తగా చేయడమా, పాతదాన్ని పాతగానే నిలబెట్టడమా? తిరుపతి నుంచి గంట ప్రయాణంలోపే ఈ రెండు మతాలకూ గుళ్లున్నాయని చెప్పొచ్చు.

పడమట చంద్రగిరి. విజయనగర రాజులు చివరి రోజుల్లో కాపురమున్న కోట. రాజమహల్ పురావస్తు శాఖ చేతిలో ఉంది. ఆ శాఖకు దారి వేసిన సర్ జాన్ మార్షల్ 1923లో ఒక సంరక్షణ గ్రంథం రాశాడు. ఉన్నదాన్ని కాపాడాలి, పోయినదాన్ని ఊహించి కట్టకూడదన్నది దాని సారం. అందుకే రాలిన గార రాలినట్టే ఉంటుంది, విరిగిన గోడ మీద కొత్త గోడ లేవదు.

తూర్పున శ్రీకాళహస్తి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాదాపు 500 ఏళ్ల కట్టడం ఒక సాయంత్రానికి రాళ్ల గుట్టయింది. ఆ గుట్టను అలాగే వదిలి చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టాలని ఎవరూ అనలేదు. అదేచోట కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. దాని కింద నుంచి లోపలికి పోయే భక్తుడికి అది రాయల గోపురమే. శిల్పచరిత్రకారుడికి అది 21వ శతాబ్దపు కట్టడం. ఇద్దరిలో ఒకరు తప్పని చెప్పడం కష్టం. 2020 సెప్టెంబరులో కోనసీమలో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయినప్పుడూ ఇదే జరిగింది. పాత రథంలో ఏమీ మిగలకపోయినా కొత్త రథం చేయించారు. స్వామి రథమన్న మాట ఒక్కరోజు కూడా ఆగలేదు.

పాత బండ్లవాళ్లలోనూ ఈ రెండు మతాలవాళ్లు ఉన్నారు. చంద్రగిరి మతంవాడు తుప్పును ఆపుతాడు, రంగు వేయడు. పాత బాడిస దొరికితే ఇనుమును శుభ్రం చేస్తాడు గానీ పిడిని ఎమరీ పేపరుతో ముట్టడు. కొంచెం నూనె రాసి వదిలేస్తాడు. వేళ్ల గుంటలు పోతే అది ఎవడిదో ఒక బాడిస. శ్రీకాళహస్తి మతంవాడికి బండి నడవాలి. నడవాలంటే ముక్క మార్చాలి, మారుస్తాడు. మూడో రకం కూడా ఉంది: అద్దంలా మెరిసేదాకా క్రోమియం పూత పోయించి, హాల్లో నిలబెట్టి, ఫొటోలు తీసుకునేవాళ్లు. ఆ బండి షోరూములో నిలబడిన రోజున కూడా అంత మెరిసి ఉండదు. చంద్రగిరి నిజాయితీ, శ్రీకాళహస్తి ప్రాణం, రెండూ అందులో లేవు.

మెరుపు మీద మోజు పెద్దల్నీ వదల్లేదు. తిరుమల ఆనందనిలయం గోడలకు బంగారు తాపడం చేయాలని 2008లో ఒక పథకం మొదలైంది. ఆ గోడల నిండా శతాబ్దాల శాసనాలున్నాయి, రేకులు బిగిస్తే అవి దెబ్బతింటాయని అభ్యంతరాలు వచ్చాయి. చివరికి హైకోర్టు దాన్ని ఆపేసింది.

అదే తిరుమలలో బాగుచేయడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది, దాని గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. మూలమూర్తికీ పీఠానికీ మధ్య ఎనిమిది ద్రవ్యాలు నూరి చేసిన అష్టబంధనం ఉంటుంది. అది కాలానికి సడలుతుంది. 12 ఏళ్లకోసారి దాన్ని సరిచేస్తారు. 2018 ఆగస్టు 12 నుంచి 16 వరకు జరిగిన బాలాలయ అష్టబంధన మహాసంప్రోక్షణం అదే. వైఖానస ఆగమం ప్రకారం పని మొదలయ్యేముందు మూర్తిలోని శక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేస్తారు. దాన్ని కళాకర్షణం అంటారు. కుంభాన్ని యాగశాలలో ఉంచి పూజలు సాగిస్తారు, లోపల పని పూర్తయ్యాక శక్తిని తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. రిపేరు జరిగినన్నాళ్లూ పూజ ఆగదు. స్వామి ఇల్లు మారాడు, అంతే.

థీసియస్ ఓడ చుట్టూ తిరిగినవాళ్లు ఈ సంగతి పట్టించుకోలేదనిపిస్తుంది. వాళ్ల కళ్లు చెక్కల మీదే ఉన్నాయి: ఎన్ని మారాయి, ఎప్పుడు మారాయి. ఆగమం చూసింది మధ్యలో ఎక్కడైనా తెగిందా అని. రాయి సడలొచ్చు, బంధనం కొత్తదవొచ్చు, సేవ తెగకూడదు. వేదాంతంలో 'ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు' అనే ఉదాహరణ ఒకటి ఉంది. ఎప్పుడో కాశీలో చూసిన కుర్రవాడు, ఇవాళ ఎదురుపడిన ముసలివాడు. అప్పటి వయసును, ఇప్పటి వయసును పక్కన పెడితేనే 'వీడే వాడు' అన్న మాట నిలుస్తుంది. ఆదివారం మెకానిక్కు బుల్లెట్టును చూసి అదే మాట అంటున్నాడు. నాన్న ఎక్కించుకుని పోయిన బండి, తను నేర్చుకున్న బండి, ఇప్పుడు చేతికి గ్రీజు పూస్తున్న బండి. మధ్యలో ఎన్ని నట్లు మారినా దాన్ని పట్టించుకున్నవాళ్ల వరస తెగలేదు. పుదుపేటలో పది బండ్ల ముక్కలతో బయటికొచ్చిన బండికి లేనిది అదే. దానికి చాసిస్ నంబరుంది, వెనక ఎవరూ లేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇదంతా మమకారమే కదా? చిరిగిన బట్ట వదిలినట్టు ఒళ్లు వదలమన్న గీతను ఇంట్లో పెట్టుకుని, పాడైన సైలెన్సరును వదలలేకపోవడమేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికేచోటు మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు. అప్పటికి అది కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2022లో అన్నమయ్య జిల్లాకు పోయింది. అదే ఏడాది తిరుపతి కూడా చిత్తూరు నుంచి విడివడి, నెల్లూరు ముక్కలు కొన్ని కలుపుకుని సొంత జిల్లా అయింది. ముక్కలు ఊడి, ముక్కలు చేరి, అయినా చిత్తూరు చిత్తూరే. జిల్లాలకూ థీసియస్ ఓడకూ పెద్ద తేడా లేదు.

గతాన్ని మోయడమే మనసుకు బరువని జీవితమంతా చెప్పిన మనిషి కృష్ణమూర్తి. తన కోసం కట్టిన సంస్థను 1929లో తనే రద్దుచేశాడు. అంతకన్నా వదులుకోవడం ఏముంటుంది? అదే మనిషి చిన్నప్పుడు ఒక గడియారాన్ని ఊడదీసి, మళ్లీ బిగించేదాకా బడికి పోనన్నాడని, తిండి కూడా ముట్టనన్నాడని ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లుట్యెన్స్ చెప్పింది. బడిలో మందమతి అనిపించుకున్న పిల్లవాడు. పెద్దయ్యాక కూడా యంత్రాలన్నా మంచి కార్లన్నా ఆయనకు ఇష్టం పోలేదు. ఇందులో వైరుధ్యం చూసేవాళ్లున్నారు. గడియారం బిగించడానికి కావలసిన జ్ఞాపకం వేరు, నిన్నటి అవమానాన్ని మోసుకు తిరిగే జ్ఞాపకం వేరని ఆయన ఎన్నో ప్రసంగాల్లో విడదీసి చెప్పాడు. మొదటిది లేకపోతే రోజు గడవదు. కార్బురేటరు జెట్టులో ఇరుక్కున్న నలుసును తీస్తున్నవాడు నాన్నను తలుచుకుంటూ కూర్చుంటే నలుసు రాదు. అప్పటికి ఆ నలుసే ప్రపంచం. మమకారంతో మొదలైన పని చాలాసార్లు అలా చూపుగా మారిపోతుంది. మారకపోతే బండి స్టార్టవదు, అంతే తేడా.

కొంత మమకారం మిగిలినా ఏడాదికోసారి మహర్నవమి నాడు దానికి దారి దొరుకుతుంది. ఆ రోజు షెడ్లలో పానాలు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు కడిగి వరసగా పేర్చి పసుపు కుంకుమ పెడతారు. బండ్ల టైర్ల కింద నిమ్మకాయలు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. ఇంజను లేకుండా బల్ల మీద పడున్న బండికీ బొట్టు పడుతుంది. పూజ చేసిన పనిముట్టును ఆ పూట ముట్టరు. వాడటం కోసమే పుట్టిన వస్తువును వాడకుండా చూసే రోజు ఏడాది మొత్తంలో అదొక్కటే.

తిరుపతి ఊరి అంచున రైల్వేవాళ్ల క్యారేజ్ రిపేరు షాపు ఉంది. నడిచి నడిచి అలసిన రైలు పెట్టెలు అక్కడికొస్తాయి. పెట్టెను చక్రాల మీద నుంచి ఎత్తేస్తారు, చక్రాలను చెక్కుతారు, స్ప్రింగులు, బ్రేకులు చూస్తారు, సీట్లు మారుస్తారు, రంగు వేస్తారు. నంబరు మాత్రం మారదు. పెట్టె నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. బయటికి పంపేముందు పెట్టె చివరి గోడ మీద రెండు తేదీలు రాస్తారు. ఒకటి ఈ మరమ్మతు ఎప్పుడు జరిగిందన్నది. రెండోది మళ్లీ విప్పడానికి ఎప్పుడు రావాలన్నది. ఈసారి రైలెక్కేముందు చూడండి.